రాక్ వాయించడానికి రెండో గిటారు: స్ట్రాట్ ఉంది, ఇంకేది కొనాలి?

ఈఎంఐ_గిటారిస్టు
నా దగ్గర ఉన్నది ఒక్కటే గిటారు. స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్) తరహాది, మూడు సింగిల్ కాయిల్ పికప్‌లు (తీగల కదలికను కరెంటు సంకేతంగా మార్చేవి), ఐదేళ్ల కిందట కొన్నాను. క్లీన్‌గా వాయిస్తే గుడిగంటలా మోగుతుంది. శబ్దాన్ని గరుకుగా మార్చే డిస్టార్షన్ పెడల్ తొక్కగానే మొదలవుతాయి కష్టాలు. తీగల మీద నుంచి చేయి తీస్తే చాలు, తేనెతుట్టె కదిపినట్టు ఒకటే రొద. అది చాలదన్నట్టు మా బ్యాండులో రెండో గిటారిస్టుది కూడా స్ట్రాటే. ఇద్దరం కలిసి రిఫ్ (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న వరస) ఎత్తుకుంటే ఎవరు ఏది వాయిస్తున్నామో మాకే తెలియదు. పోయిన శనివారం మా డ్రమ్మర్, "మీ ఇద్దరిలో ఒకరు ఇంటికి వెళ్లిపోయినా పాటకు నష్టం లేదు" అన్నాడు. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు.

బెంగళూరు మారతహళ్లిలో ఉంటాను. నలుగురం ఆఫీసు స్నేహితులం, వారానికోసారి జామ్ రూము అద్దెకు తీసుకుని డెబ్బైల, ఎనభైల నాటి హార్డ్ రాక్ వాయిస్తాం. బడ్జెట్ 50 వేలు. గట్టిగా లాగితే ఇంకో ఐదు వేలు సాగుతుంది. గిబ్సన్ తరహాలో లెస్ పాల్ తీసుకోవాలా, ఎస్‌జీయా, లేక బ్రిడ్జ్ (తీగలు గిటారు ఒంటికి ఆనే చోటు) దగ్గర హంబకర్ (జంట కాయిళ్ల పికప్) ఉన్న ఇంకో స్ట్రాటా? వీడియోలు చూసిన కొద్దీ మతి పోతోంది.

బేస్_బాబాయి
డ్రమ్మర్ మాటకు విలువ ఇచ్చిన మొదటి గిటారిస్టును చూస్తున్నాను. నమస్కరించాల్సిందే.

పెంటాటోనిక్_పంతులు
ముందు ఆంప్ (గిటారు శబ్దం పెంచే స్పీకరు పెట్టె) సంగతి చెప్పండి. ఆరంగుళాల స్పీకరున్న బుల్లి ఆంప్‌కు ఏ గిటారు తగిలించినా పక్కింటి రేడియోలాగే వినిపిస్తుంది. మీ 50 వేలలో సగం ఆంప్‌కు పెట్టి, మిగతా సగం దాచుకోండి. నా దగ్గర నేర్చుకునే పిల్లలకు పదేళ్లుగా ఇదే చెబుతున్నాను. ఒక్కరూ వినలేదు.

ఈఎంఐ_గిటారిస్టు
పంతులుగారూ, ఇంట్లో 20 వాట్లది ఉంది. దాన్నే సగం దాటి పెంచితే కింద ఉండే ఇంటి యజమాని మెట్లెక్కి వచ్చేస్తారు. జామ్ రూములో వాళ్లదే వంద వాట్ల ఆంప్ ఉంది. అక్కడా రొద తగ్గలేదు. కాబట్టి ఆంప్ నేరం కాదనుకుంటున్నాను.

టంకం_మాస్టారు
కొనే ముందు ఆ రొద ఏ జాతిదో తేల్చుకోండి. రెండు జాతులున్నాయి.

ఆంప్ వేసి, గెయిన్ (సంకేతాన్ని పెంచే నాబ్) పెంచి, కుర్చీలో కూర్చుని గిటారు పట్టుకుని మెల్లగా చుట్టూ తిరగండి. ఒక దిక్కుకు తిరిగినప్పుడు రొద పెరిగి, ఇంకో దిక్కుకు దాదాపు పోతే అది సింగిల్ కాయిల్ స్వభావం. పికప్ అంటే అయస్కాంతాల చుట్టూ కొన్ని వేల చుట్లు చుట్టిన సన్న రాగి తీగ. అది మీ గిటారు తీగల కదలికనే కాదు, గదిలోని కరెంటు 50 హెర్ట్జ్ గుణుగుడును కూడా పట్టుకుంటుంది. ఆంప్‌లోని ట్రాన్స్‌ఫార్మర్, ఫ్యాను రెగ్యులేటర్, చవక ఎల్ఈడీ బల్బు, ఫోను చార్జర్, అన్నీ దానికి చుట్టాలే.

అలా కాకుండా తీగలను తాకగానే రొద తగ్గి, చేయి తీయగానే పెరుగుతోందంటే అది షీల్డింగ్ (బయటి రొదను ఆపే లోహపు తొడుగు) సమస్య, లేదా ఇంట్లో ఎర్తింగ్ సమస్య. మీరు రాసినదాన్ని బట్టి మీకు ఇది కూడా ఉన్నట్టుంది. బెంగళూరులో పాత అద్దె ఇళ్లలో నేను చూసిన చాలా స్విచ్‌బోర్డుల్లో మూడో రంధ్రం అలంకారానికే ఉంది. వెనక తీగే లేదు. ఇక కరెంటు పోయి, స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ఆంప్ నడిపితే చెప్పనే అక్కర్లేదు, గుణుగుడు కాస్తా గర్జన అవుతుంది.

గిటారు లోపల రాగి రేకు టేపు అంటించి, అన్ని చోట్లా గ్రౌండుకు కలిపితే రెండో జాతి రొద చాలా తగ్గుతుంది. ఒక పూట పని. మొదటి జాతి మాత్రం టేపుకు లొంగదు. ఇంకొక మాట: రొద తగ్గుతుందని ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరగ్గొట్టేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి, ప్రాణం మీదికి వస్తుంది.

ఈఎంఐ_గిటారిస్టు
ఇప్పుడే తిరిగి చూశాను. కిటికీ వైపు కూర్చుంటే దాదాపు లేదు. కంప్యూటర్ వైపు తిరిగితే తేనెతుట్టె. చేయి తీసినా పెరుగుతోంది. అంటే రెండు జాతులూ మా ఇంట్లోనే కాపురం ఉన్నాయి.

బేస్_బాబాయి
స్టేజీ మీద కిటికీ వైపే తిరిగి వాయించండి. జనం మీ వీపు చూస్తారు, అంతే కదా.

మెటల్_మంగమ్మ
మాస్టారు సగం చెప్పారు, మిగతా సగం నేను. సింగిల్ కాయిల్ రొదకు 1955లోనే మందు కనిపెట్టారు. గిబ్సన్‌లో పనిచేసిన సెత్ లవర్ రెండు కాయిళ్లను పక్కపక్కన పెట్టి, ఒకదాన్ని రెండోదానికి ఎదురు చుట్టి, అయస్కాంతాన్ని కూడా తిరగేశాడు. గది నుంచి వచ్చే గుణుగుడు ఒకదానికొకటి ఎదురై చచ్చిపోతుంది. తీగల శబ్దం మాత్రం కలిసి రెట్టింపవుతుంది. హమ్మును అణిచేది కాబట్టి హంబకర్. దాని శబ్దం లావుగా ఉండటం, ఆంప్‌ను గట్టిగా నెట్టడం పక్క లాభాలు. రాక్‌కు ఆ పక్క లాభమే అసలు లాభమైపోయింది.

నా సలహా: 50 వేలు ఎందుకు? సింగిల్ కాయిల్ కొలతలోనే ఇమిడే రైల్ హంబకర్లు దొరుకుతాయి. బ్రిడ్జ్ పికప్ ఒక్కటీ తీసి అది పెట్టించండి. చెక్క కోయనక్కర్లేదు, ప్లేటు మార్చనక్కర్లేదు. మిగిలిన డబ్బుతో ఈఎంఐ కట్టుకోండి.

పాత_రికార్డు
మంగమ్మగారి మాటకు సాక్ష్యం నేనిస్తాను. 2007 మార్చిలో బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మెటల్ బ్యాండు ఐరన్ మెయిడెన్ వాయించినప్పుడు నేను కంచె దగ్గర ఉన్నాను. ఎర్రమట్టి దుమ్ము, కాలి చెప్పు ఒకటి పోయింది, ఇప్పటికీ దొరకలేదు. మూడు గిటార్ల బ్యాండు అది. డేవ్ మర్రీ, జానిక్ గెర్స్ ఇద్దరూ పట్టుకునేవి స్ట్రాట్లే. కానీ లోపల హంబకర్లు. చూపు స్ట్రాట్, గొంతు వేరు.

టంకం_మాస్టారు
రైల్ పెట్టించే ముందు ఒక చిన్న లెక్క. స్ట్రాట్లలో వాల్యూమ్ పాట్లు (నాబ్ కింద తిరిగే రెసిస్టర్లు) మామూలుగా 250 కిలో ఓమ్‌లవి, హంబకర్ గిటార్లలో 500వి. 250 మీద హంబకర్ కాస్త మూతి బిగించుకున్నట్టు వినిపిస్తుంది. కొందరికి అదే నచ్చుతుంది. పాట్ మారిస్తే మిగతా రెండు సింగిల్ కాయిళ్లు చురుక్కుమంటాయి. రెంటికీ ఒకే చెప్పు సరిపోదు.

పెంటాటోనిక్_పంతులు
నేను ఒప్పుకోను. పికప్ మార్చినంత మాత్రాన రెండో గిటారు కాదు, మొదటి గిటారుకే కొత్త పన్ను కట్టించినట్టు. రెండో గిటారు చేతికి కూడా వేరుగా తగలాలి.

ఫెండర్ తరహా గిటారులో నట్ (తల దగ్గర తీగలు ఆనే గాడుల పట్టీ) నుంచి బ్రిడ్జ్ దాకా తీగ పొడవు 25.5 అంగుళాలు, గిబ్సన్ తరహాలో 24.75. ముప్పావు అంగుళమే కదా అనిపిస్తుంది. అదే తీగలు, అదే శ్రుతి అయితే బిగువు సుమారు 6 శాతం తగ్గుతుంది. మూడో తీగను ఒక స్వరం పైకి లాగి చూడండి, వేలికి తేడా తెలిసిపోతుంది. స్ట్రాట్ మీద 9-42 తీగలు (సన్న, లావు తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) వేసుకునేవారు ఇక్కడ 10-46 వేసినా చేయి నొప్పి పుట్టదు, రిఫ్‌లు నిండుగా వస్తాయి. వాయించే పద్ధతే మారుతుంది. కొత్త ఆలోచనలు అలా వస్తాయి కానీ పికప్ మారిస్తే రావు.

మెటల్_మంగమ్మ
పంతులుగారూ, మీరు మొదటి పోస్టులో గిటారు వద్దన్నారు, ఆంప్ కొనమన్నారు. మూడు గంటల్లో మనసు మార్చుకున్నారు.

పెంటాటోనిక్_పంతులు
ఆయనకు ఆంప్ ఉందన్నారు కదమ్మా. ఆధారాలు మారితే తీర్పు మారదా?

వీణ_ఇంటివాడు
పక్కదారి పడుతున్నాను, క్షమించండి. మూడో తీగ లాగడం అన్నారు కదా, మా ఇంట్లో అది రోజూ ఉదయం ఆరింటికి జరిగేది. మా నాయనమ్మ వీణ మెట్టు మీద తీగను పక్కకు లాగి గమకం పలికించేది. నేను గిటారు పట్టుకుని మొదటిసారి బెండ్ చేస్తే, "ఇదేగా నేను నలభై ఏళ్లుగా చేస్తున్నది, నీకెందుకంత సంబరం?" అంది. పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతమంతా పలికించారు. ఆయన జంట తీగలు తీసేసి ఐదు ఒంటి తీగలే ఉంచుకున్నారంటే గమకం కోసమే. కాబట్టి చేతికి వేరుగా తగలాలి అన్న పంతులుగారి మాటకే నా ఓటు.

బేస్_బాబాయి
బొబ్బిలి వీణ ఒకే పనస దుంగలో చెక్కుతారట కదా. ఆ లెక్కన మీది నెక్-త్రూ (మెడ, ఒళ్లు ఒకే చెక్క) గిటారు. మెటల్ వాళ్ల ముందు చెప్పకండి, ఎగరేసుకుపోతారు.

వీణ_ఇంటివాడు
ఏకాండి వీణ అంటారు దాన్ని. ఎగరేసుకుపోవాలంటే ఇద్దరు మనుషులు కావాలి.

కుండలహళ్లి_గేటు
చాలాకాలంగా చదువుతున్నాను, ఇదే మొదటి పోస్టు. మా బ్యాండులో కూడా ఇలాంటి సమస్యే. ఎస్‌జీ బరువు ఎంత ఉంటుంది? నడుము నొప్పి ఉన్నవాళ్లకు పనికొస్తుందా? స్నేహితుడి కోసం అడుగుతున్నాను.

మెటల్_మంగమ్మ
ఎస్‌జీ సుమారు మూడు కిలోలు, కాస్త అటూ ఇటూ. లెస్ పాల్ నాలుగు, కొన్ని ఇంకా ఎక్కువ. రెండు గంటలు నిలబడి వాయిస్తే ఆ కిలో తేడా భుజం మరుసటి రోజు దాకా చెబుతూనే ఉంటుంది. అయితే ఎస్‌జీలో ఇంకో చిక్కుంది. ఒళ్లు పలుచన, మెడ పొడుగు, పట్టీ బొత్తామేమో మెడ మొదట్లో వెనక. చేయి వదిలితే తల నేలకేసి వాలిపోతుంది. లోపలి వైపు గరుకుగా ఉండే వెడల్పు తోలు పట్టీ వేసుకుంటే చాలా వరకు ఆగుతుంది. నైలాన్ పట్టీ మాత్రం వద్దు, జారుడుబల్ల.

స్నేహితుడి నడుముకు నా సానుభూతి.

చెన్నై_ఉక్కపోత
లెస్ పాల్ తరహా కొనేవాళ్లు నా కథ విని కొనండి. కంపెనీ పేరు అడగకండి, తప్పు నాదే.

బెసెంట్ నగర్‌లో సముద్రానికి దగ్గరగా ఉంటాను. గిటారును మెత్తటి సంచీలో పెట్టి గోడకు ఆనించి, ఫిల్టర్ కాఫీ కలుపుకోవడానికి లోపలికి వెళ్లాను. గాలికి తలుపు కొట్టుకుంది. గిటారు మెల్లగా వెనక్కి పడింది. పెద్ద శబ్దం కూడా లేదు, కొబ్బరిమట్ట రాలినట్టు ఒక చిన్న చప్పుడు. జిప్పు తీసి చూస్తే తల మెడకు వేలాడుతోంది, తీగలు పట్టుకోబట్టి విడిపోలేదు.

తర్వాత తెలుసుకున్నాను. ఆ తరహా గిటార్లలో తల వెనక్కి వంగి ఉంటుంది. సరిగ్గా ఆ వంపు దగ్గరే ట్రస్ రాడ్ (మెడ వంపు సరిచేసే లోహపు కడ్డీ) కోసం చెక్క తొలుస్తారు. మిగిలేది కొంచెం చెక్క, అందులోనూ నార అడ్డంగా పోతుంది. స్ట్రాట్ తల చదునుగా ఉంటుంది, మేపుల్ చెక్క. పడితే నేలకు సొట్ట పడుతుంది. మంచి పనివాడు జిగురు పెట్టి, క్లాంపులు బిగించి అతికించాడు. ఇప్పటికీ వాయిస్తున్నాను, శబ్దంలో తేడా లేదు. అమ్మబోతే మాత్రం సగం ధర కూడా రాదు.

గట్టి కేసు లేకుండా లెస్ పాల్ కొనకండి. ఆ ఖర్చు బడ్జెట్‌లోనే కలుపుకోండి. ఇంకొకటి, మా ఊళ్లో తీగలు మూడు వారాల్లో తుప్పు పడతాయి. వాయించాక పొడిగుడ్డతో తుడవడం తప్పనిసరి. మీ బెంగళూరు వాళ్లు అదృష్టవంతులు.

టంకం_మాస్టారు
అదృష్టం అంత లేదు. జనవరి నుంచి మార్చి దాకా ఇక్కడి గాలి పొడిబారి ఫ్రెట్‌బోర్డు (మెడ మీద వేళ్లు నొక్కే పలక) చెక్క కుంచించుకుపోతుంది. లోహపు ఫ్రెట్ల కొసలు బయటికి పొడుచుకు వస్తాయి. మెడ అంచు మీద వేలు పాముతూ పోతే రంపంలా తగులుతుంది. ఏటా ఫిబ్రవరిలో నాకు ఇదే పని. గదిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే గిటారుకు సుఖం.

కుండలహళ్లి_గేటు
కేసు పెట్టుకుంటే ఎస్‌జీ మెడ కూడా విరగదు కదా?

చెన్నై_ఉక్కపోత
దాని తలా వెనక్కి వంగినదే. కేసు పెట్టి, కాఫీ తర్వాత కలుపుకోండి.

పాత_రికార్డు
ఎస్‌జీ మాట వచ్చింది కాబట్టి. 1961లో అది వచ్చినప్పుడు దాని పేరు కూడా లెస్ పాలే. అమ్మకాలు తగ్గిన పాత లెస్ పాల్ స్థానంలో తెచ్చిన కొత్త ఆకారం అది. తర్వాత పేరు మారింది, పాత ఆకారం మళ్లీ తిరిగొచ్చింది.

హెవీ మెటల్ బ్యాండు బ్లాక్ సబ్బత్ తొలి ఆల్బమ్ రికార్డింగ్ మొదలైనప్పుడు దాని గిటారిస్టు టోనీ అయోమీ చేతిలో ఉన్నది స్ట్రాట్. మధ్యలో దాని పికప్ చెడిపోయింది. మారు మాట్లాడకుండా పక్కనే ఉన్న ఎస్‌జీ అందుకున్నాడు. ఆ తర్వాత యాభై ఏళ్లు దాదాపు అదే ఆకారం. అసలు ఆయన 17 ఏళ్ల వయసులో రేకుల ఫ్యాక్టరీలో రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. సన్న తీగలు వేసుకుని, తర్వాత్తర్వాత శ్రుతి కూడా దించి, మొత్తం ఒక సంగీతశాఖకే దారి వేశాడు. రెండో గిటారు గురించి ఎవరైనా అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది ఆ చెడిపోయిన పికప్పే.

అన్నట్టు లెడ్ జెప్లిన్ గిటారిస్టు జిమ్మీ పేజ్ అంటే అందరికీ లెస్ పాల్ గుర్తొస్తుంది. లెడ్ జెప్లిన్ మొదటి ఆల్బమ్‌లో ఆయన ఎక్కువగా వాయించింది ఫెండర్ టెలికాస్టర్. అంటే సింగిల్ కాయిలే. గిటారు చూసి శబ్దాన్ని ఊహించకండి.

బేస్_బాబాయి
ఇన్ని పోస్టుల్లో ఎవరూ అడగని మాట నేను అడుగుతాను. మీరిద్దరూ ఒకే చోట ఒకే పవర్ కార్డ్ (రెండు స్వరాల జంట) ఎందుకు వాయిస్తున్నారు? ఒకరు ఐదో ఫ్రెట్ దగ్గర కింది రెండు తీగల మీద ఉంటే, రెండోవారు అదే కార్డ్‌ను పైన పన్నెండో ఫ్రెట్ దగ్గర, మూడు సన్న తీగల మీద వాయించవచ్చు. ఒకరు బ్రిడ్జ్ పికప్, ఇంకొకరు నెక్ పికప్. ఇద్దరూ గెయిన్ సగానికి తగ్గించండి. గదిలో ఒంటరిగా వింటే గెయిన్ ఎక్కువ ఉంటేనే బలంగా అనిపిస్తుంది, డ్రమ్ములు కలిశాక అది బురదే. ముఖ్యంగా, మీ ఇద్దరి ఆంప్‌లలో బేస్ నాబ్ తగ్గించండి. ఆ పొలం నాది. పదిహేనేళ్లుగా గిటారిస్టులు నా గట్టు జరుపుతూనే ఉన్నారు.

మెటల్_మంగమ్మ
ఈ చర్చలో ఇప్పటిదాకా వచ్చిన అత్యుత్తమ సలహా, అదీ పైసా ఖర్చు లేనిది. బేస్ వాయించేవారి నుంచి రావడమే బాధాకరం.

ఈఎంఐ_గిటారిస్టు
బాబాయిగారి మాట ఈ శనివారం అమలు చేశాం. గెయిన్ తగ్గించాం, నేను పైకి వెళ్లాను. డ్రమ్మర్ తల ఊపాడు, కానీ "ఇప్పుడు ఇద్దరున్నారని తెలుస్తోంది, ఇద్దరూ పలుచగా ఉన్నారు" అన్నాడు. వాడిని సంతోషపెట్టడం ఎవరి తరం కాదు. అయినా నాకు లావు శబ్దం కావాలి, అది నా కోరిక. ఇంట్లో మా ఆవిడ ఒక్కటే ప్రశ్న వేసింది: "ఉన్నది మోగడం లేదా?" మోగుతోంది, ఎక్కువగా మోగుతోంది, అదే కదా సమస్య అన్నాను. అర్థం చేసుకున్నట్టే కనిపించింది. ఆదివారం దుకాణాలు తిరగబోతున్నాను.

ఫ్లాయిడ్ రోజ్ బ్రిడ్జ్ ఉన్న గిటారు ఒకటి తక్కువలో వస్తోంది. తీసుకోవచ్చా?

పెంటాటోనిక్_పంతులు
మీరు వాయించేది డెబ్బైల రాక్ అయితే వద్దు. దాని బ్రిడ్జ్ స్ప్రింగుల మీద తేలుతూ ఉంటుంది. ఒక తీగ తెగితే మిగతా ఐదూ శ్రుతి తప్పుతాయి. పాట మధ్యలో లావు తీగను ఒక స్వరం దించి డ్రాప్ డీ చేసుకుందామన్నా కుదరదు. తీగలు మార్చడానికి అల్లెన్ కీలు, ఓపిక, ఒక ఆదివారం కావాలి.

మెటల్_మంగమ్మ
నాకు రెండున్నాయి, రెండూ ప్రాణం. అయినా మీకు వద్దు.

వీణ_ఇంటివాడు
దుకాణంలో ఫ్రెట్‌బోర్డు చెక్క మీద కూడా ఒక కన్నేయండి. ఇండియన్ రోజ్‌వుడ్ అని గొప్పగా చెప్పేది మన ఇరుగుడు చెక్క. 2017లో రోజ్‌వుడ్ జాతులన్నిటి ఎగుమతుల మీద అంతర్జాతీయ నియంత్రణ వచ్చాక చాలా కంపెనీలు వేరే చెక్కలకు మారాయి. తయారైపోయిన వాద్యాలకు 2019లో మినహాయింపు ఇచ్చినా కొన్ని వెనక్కి రాలేదు. లారెల్ అని రాసి ఉంటే ముఖం చిట్లించకండి, అది మన నల్లమద్దే. మా ఊళ్లో దూలాలు దాంతోనే.

టంకం_మాస్టారు
ఆదివారం వెళ్తున్నారు కాబట్టి రాస్తున్నాను. దుకాణంలో ఆంప్ వేయకముందే పది నిమిషాలు వట్టి గిటారును చూడండి.

బ్రిడ్జ్ వైపు నుంచి కంటికి ఆనించి మెడ పొడవునా చూడండి, బాణం వంకర చూసినట్టు. మెలి తిరిగి ఉంటే కింద పెట్టేయండి, అది బాగుపడదు. లావు తీగను మొదటి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, మెడ ఒంటిని కలిసే చోట ఇంకో చేత్తో నొక్కి పట్టండి. ఏడో ఫ్రెట్ దగ్గర తీగకు, ఫ్రెట్‌కు మధ్య సందు కాగితం మందం నుంచి విజిటింగ్ కార్డు మందం దాకా ఉండవచ్చు. అసలు లేకపోయినా, మరీ ఎక్కువున్నా ట్రస్ రాడ్ తిప్పితే సరిపోతుంది, భయపడనక్కర్లేదు. తర్వాత సన్న తీగను పన్నెండు నుంచి పదిహేనో ఫ్రెట్ మధ్య ఒక్కొక్క చోట పూర్తి స్వరం పైకి లాగండి. లాగుతుండగా శబ్దం గొంతు నొక్కినట్టు చచ్చిపోతే ఫ్రెట్లు ఎగుడుదిగుడుగా ఉన్నట్టు. అది ఖర్చుతో కూడిన పని.

పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగను తాకీ తాకకుండా మీటి హార్మోనిక్ వినండి, తర్వాత అక్కడే నొక్కి వినండి. రెండూ ఒకే స్వరం కావాలి. కాకపోతే బ్రిడ్జ్ మరలు జరపాలి, అది చిన్న పని. చివరగా మూడో తీగ శ్రుతి చేసి, గట్టిగా నాలుగు సార్లు లాగి వదిలి మళ్లీ చూడండి.

ఆ తర్వాత ఆంప్. మీ పెడల్ మీరే తీసుకెళ్లండి. దుకాణంలో పెట్టే ఆంప్ మీద ప్రతి గిటారూ అప్సరసే.

ఈఎంఐ_గిటారిస్టు
వెళ్లాను, తిరిగాను, నాలుగు గంటలు. బేస్_బాబాయి గారు కూడా వచ్చారు, ఆయనకు నా కృతజ్ఞతలు. ఆయన ప్రతి దుకాణంలోనూ బేస్‌లు వాయించుకుంటూ కూర్చున్నారు, అది వేరే సంగతి.

లెస్ పాల్ పట్టుకున్నాను. శబ్దం కలలో విన్నట్టే ఉంది, భుజం మాత్రం కల కాదని గుర్తుచేసింది. యమహా పసిఫికాలో బ్రిడ్జ్ హంబకర్ బాగుంది, అన్ని పనులకూ వస్తుంది. కానీ పట్టుకుంటే నా స్ట్రాట్ చిన్న తమ్ముడిలా తోచింది, పంతులుగారన్నది నిజమే. యమహాలోనే రెవ్‌స్టార్ ఎలిమెంట్ చాలాసేపు వాయించాను. రెండు హంబకర్లు, 24.75 అంగుళాల స్కేలు, లోపల చెక్క తొలిచినందువల్ల బరువు తక్కువ. దాదాపు బిల్లు వేయించేశాను.

వేయించేవాడినే. ఇంతలో సెకండ్‌హ్యాండ్‌లో ఎస్‌జీ ఆకారం గిటారు ఒకటి, 34 వేలకు, గట్టి కేసుతో సహా ఉందని తెలిసింది. అమ్మేది కుర్రవాడు, పై చదువులకు వెళ్తున్నాడు. వాళ్లమ్మగారు బూందీ లడ్డు పెట్టి, "బాగా చూసుకో బాబూ, వీడు రాత్రంతా దీంతోనే ఉండేవాడు" అన్నారు. ఇంకేమి బేరమాడతాను? కొనేశాను. ముదురు ఎరుపు రంగు.

ఇంటికొచ్చి కంప్యూటర్ వైపే కూర్చుని పెడల్ తొక్కాను. నిశ్శబ్దం. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు విన్నాను మొదటిసారి.

పెంటాటోనిక్_పంతులు
శుభం. ఇప్పుడు ఆంప్ కొనండి.

మెటల్_మంగమ్మ
లడ్డు పెట్టి అమ్మితే నేనూ ఇంకోటి కొంటాను. అభినందనలు.

ఈఎంఐ_గిటారిస్టు
రెండు రోజులకే అడగాల్సి వస్తోంది. మూడో తీగ ఒక్కటే శ్రుతి నిలవడం లేదు. లాగిన ప్రతిసారీ కొంచెం దిగిపోతోంది. పెగ్ తిప్పుతుంటే కాసేపు ఏమీ కదలదు, తర్వాత ఒక్కసారిగా టింగుమని ఎగురుతుంది. మోసపోయానా?

టంకం_మాస్టారు
మోసం లేదు, ఆ ఆకారపు తల స్వభావమే అది. మూడేసి పెగ్గులు రెండు వైపులా ఉండటం వల్ల మధ్య తీగలు నట్ దాటగానే పక్కకు మళ్లుతాయి. గాడిలో ఒరుసుకుని ఇరుక్కుంటాయి. ఆ టింగు అన్న శబ్దమే రుజువు. తీగ వదులు చేసి, గాడిలోంచి పక్కకు జరపండి. 2బీ పెన్సిల్ మొన సన్నగా చెక్కి, గాడిలో నల్లటి పొడి పేరుకునేదాకా రుద్దండి. తీగ మళ్లీ వేసి నాలుగు సార్లు లాగండి. అయినా ఇరుక్కుంటే గాడిని సన్న ఆకురాయితో సరిచేయాలి, అప్పుడు నా దగ్గరికి తీసుకురండి. మీరే రుద్దితే గాడి లోతైపోయి నట్ మార్చాల్సి వస్తుంది.

ఈఎంఐ_గిటారిస్టు
మా అమ్మాయి జామెట్రీ పెట్టెలో పెన్సిల్ తీశాను. అద్భుతం! గంట నుంచి వాయిస్తున్నాను, నిలిచింది. పెన్సిల్ తిరిగి ఇవ్వలేదని గొడవ మాత్రం నడుస్తోంది.

శనివారం దీంతో వెళ్తున్నాను. మావాళ్లెవరికీ చెప్పలేదు. డ్రమ్మర్ ముఖం చూడాలి.

కుండలహళ్లి_గేటు
ఒక్క నిమిషం. మీ డ్రమ్మర్ ఎప్పుడూ నీలం టోపీ పెట్టుకుంటాడా? ఇద్దరిలో ఒకరు ఇంటికి వెళ్లిపోవచ్చు అన్నది మూడు వారాల కిందట, సమోసాలు తింటూనా?

ఈఎంఐ_గిటారిస్టు
అవును. మీకెలా తెలుసు?

కుండలహళ్లి_గేటు
నడుము నొప్పి నాది. నిన్ననే ఎస్‌జీ కొన్నాను. నలుపు రంగు.

బేస్_బాబాయి
నేను కుర్చీలోంచి పడ్డాను. ఎస్‌జీలాగే, తల ముందు.

మెటల్_మంగమ్మ
కంగారు పడకండి, ఇద్దరి దగ్గరా స్ట్రాట్లున్నాయిగా. ఒక పాటకు ఒకరు అది, ఇంకొకరు ఇది.

కుండలహళ్లి_గేటు
నా స్ట్రాట్ అమ్మేగా ఇది కొన్నది.

ఈఎంఐ_గిటారిస్టు
సరే. శనివారం రెండూ మోసుకొస్తాను. నువ్వు సమోసాలు తీసుకురా, డ్రమ్మర్‌కు మాత్రం పెట్టకు.